అందినట్టే లెక్క

మేధ పంపిన గ్రాఫునే శేషారత్నం గారు సోమరాజు మొహం ముందు పెట్టారు.

పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసి, "అమ్మాయ్, రాత్రి మా పడమటి చెరువు సంగతి ఒకసారి చూసి పంపుతావా తల్లీ" అని అడిగితే, మేధ పళ్ళు తోముకుంటూనే, చెరువు గట్ల మీద తాను బిగించిన వైర్‌లెస్ డబ్బాల సర్వర్ తెరిచి, ఏం జరిగిందో కూడా అడక్కుండా పంపేసింది. అందులో నీలం గీత నీళ్ళలోని ఆక్సిజన్‌ది. అర్ధరాత్రి దాటాక జారుతూ జారుతూ తెల్లవారుజాముకి అడుగంటింది. జారిన పొడుగునా వరసగా ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క కింద "హెచ్చరిక అందినది" అని సన్నటి అక్షరాలు. ఆ అక్షరాలు రాసిందీ మేధే. తాడేపల్లిగూడెంలో బస్సెక్కి, గణపవరంలో మారి, ఆకివీడు దిగి, ఆటోలో గట్టు మీదికి చేరేసరికి ఆ గ్రాఫు తన పని తాను చేసేసింది.

చెరువు నిండా తెల్లటి పొట్టలు. బొచ్చెలు, శీలావతులు, ఇంకో నెలలో పట్టుబడికి రావలసిన చేపలు, గాలికి గట్టు వారకి కొట్టుకొచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. నడుంలోతు నీళ్ళలో దిగిన మనుషులు వాటిని గంపలకెత్తి ట్రాక్టరులో పోస్తున్నారు. శేషారత్నం గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆమె ఎదురుగా సోమరాజు, మెడలోని తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, తడిసిన లుంగీతో నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ గట్టు మీది గుడిసే అతని ఇల్లు, ఆ చెరువు కాపలాయే అతని కాపురం.

"ఇది చూడు సోమరాజూ," ఫోను అతని వైపు తిప్పారావిడ. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచగా చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. "నీ గుడిసెలో డబ్బాకి కబురందిందని రాసుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. కబురందితే సైరన్ మోగుతుంది కదా. నీకు వినపడలేదూ?"

"తప్పయిపోయిందండి."

"గంటకోసారి బొత్తాం నొక్కమన్నాను, మేలుకుని ఉన్నట్టు గుర్తుకి. రాత్రి ఒక్కసారన్నా నొక్కినట్టు లేదు. నిద్రపోయావా?"

సోమరాజు తువ్వాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "కన్ను మూతపడుంటదండి. తప్పయిపోయిందండి అమ్మగారూ."

ఈ గోదావరి వైపు మర్యాదలతో వచ్చిన చిక్కే ఇది. పెద్దవాళ్ళు తప్పు పట్టినప్పుడు మొహం మీద కాదనకూడదు. ముందు తప్పయిపోయిందండి అనెయ్యాలి. కోపం చల్లారాక వాళ్ళే పిలిచి అసలేం జరిగిందిరా అని అడుగుతారు, అప్పుడు చెప్పుకోవాలి. ఇటు పుట్టి పెరిగిన వాళ్ళందరికీ తెలిసిన పద్ధతే. అయితే పిలిచి అడగాలని పెద్దవాళ్ళకి గుర్తుండాలి కదా!

"సరే నాయనా, నీ సామాను తీసుకుని వెళ్ళు. గుడిసెకి కృష్ణని పంపుతాను," అన్నారు శేషారత్నం గారు. తర్వాత మేధ వైపు చూసి, "నీ మిషను పుణ్యమా అని నిజం తెలిసింది తల్లీ. లేకపోతే పాపం అంతా వాన మీద పెట్టేసేవాళ్ళం," అన్నారు.

"సరేనండి," అంది మేధ. ఎందుకందో ఆ పిల్లకే తెలియదు. నోరు తెరిస్తే వచ్చే మాట అది, వచ్చేసింది.

సోమరాజు ఒక్కసారి ఆమెను చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం ఉన్నా బాగుండేది. డబ్బాలు బిగించిన రోజున నిచ్చెన పట్టుకున్నవాడు, కర్ర ఊగకుండా తాడు లాగి కట్టినవాడు, ఆ పిల్ల గట్టు మీద జారకుండా ముందు నడిచి బురద తొక్కి బాట చేసినవాడు. ఇప్పుడు కూడా పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

మేధ గుడిసెకి వెళ్ళి డబ్బా తీసి చూసింది. వారం రోజుల ముసురుకి సోలారు పలక పైన ఎండే లేదు. బ్యాటరీ అడుగున ఉంది. బొత్తాం నొక్కింది. పచ్చ లైటు వెలిగింది, రెపరెపలాడింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. చిన్న తెర మీద తేదీ ఆమె పుట్టకముందెప్పటిదో, 1970 జనవరి ఒకటి అని చూపిస్తోంది. డబ్బా ఆగి మళ్ళీ మొదలైతే తేదీ అక్కడికే పోతుంది. వెనకాల సోమరాజు చాప చుట్టుకుంటున్నాడు. ఆ అలికిడి వింటూ మేధ వెనక్కి తిరగలేకపోయింది.

*

"ఎప్పుడు రీస్టార్టయిందో తెలీదు కదమ్మా," అన్నారు రామనాథం గారు.

ఆయన తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగు కాలేజీ ప్రొఫెసరు. కొల్లేటి చెరువుల్లో వైర్‌లెస్ డబ్బాల ప్రాజెక్టు ఆయనదే. మేధ అందులో కాంట్రాక్టు మీద పనిచేసే ఇంజనీరు. డిజైన్ ఆమెది, కోడు ఆమెది, గట్ల మీద తిరుగుడు కూడా ఆమెదే. పేరు ఆయనది. అది లోకరీతి, దాని మీద మేధకి పెద్ద పేచీ లేదు.

"రాత్రే అయ్యుండొచ్చు కదండీ."

"తెల్లారాక కూడా అయ్యుండొచ్చు. అయినా అతను ఒప్పుకున్నాడన్నావుగా? ఒప్పుకున్నాక మనకెందుకు చెప్పు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు. వాన పడితే గొడుగు ఇచ్చి తాను తడుస్తూ పోయే రకం. "సోమవారం రివ్యూ. హెచ్చరికలు నూటికి తొంభైతొమ్మిది అందుతున్నాయన్నదే మన ప్రాణం. నీ రెన్యువల్ కూడా అప్పుడే. ఈ రెండు రోజులూ స్లైడ్ల మీద కూర్చో."

"సరేనండి."

మళ్ళీ అదే మాట! మేధకి తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం కర్రీ పాయింటులో దొండకాయ వేపుడు కట్టించుకుని మేడమీది గదికి వెళ్ళింది. ఏలూరు నుంచి అమ్మ ఫోను. ఏం తిన్నావు, ఎంతకి తిన్నావు, ఒక్కదానివే తిన్నావా. మూడింటికీ జవాబు చెప్పాక ఇద్దరికీ మాటలు లేవు. ఫోను పెట్టేశాక డబ్బాల నుంచి మెసేజులు వస్తున్నాయి. ఒకటో డబ్బా క్షేమం, రెండో డబ్బా క్షేమం. రోజు మొత్తం మీద ఆమె ఫోనుకి వచ్చే కబుర్లలో ముప్పాతిక అవే. మొదట్లో నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రావడం మానేసింది. ఈ ఊరొచ్చాక తనని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. కాలేజీలో మేడమ్, ఇంటి వాళ్ళకి పైన అమ్మాయి, చెరువుల మీద డబ్బాల పాప. ఒంటరితనం అంటే ఏడుపొస్తుందనుకునేది. అదేం లేదు. వేపుడు చల్లారిపోతుంది, అంతే.

చల్లారిన వేపుడు ముందు కూర్చుని, సోమరాజు గుడిసెలో చాప చుట్టిన చప్పుడే తలుచుకుంది.

*

సోమరాజు మరదలు బేబీరాణి ఇల్లు ఆకివీడు దాటాక కొల్లేటి వారగా ఉన్న చిన్న ఊళ్ళో ఉంది. శనివారం మేధ దారి కనుక్కుంటూ వెళ్ళేసరికి సోమరాజు అరుగు చివర, ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేచిపోయేవాడిలా కూర్చుని ఉన్నాడు. చుట్టిన చాప పక్కనే ఉంది. ఇంకా విప్పలేదు.

బేబీరాణి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు గీకుతోంది. ఎవరో చెప్పకముందే, "డబ్బాలమ్మాయి గారా? రండి," అని పీట జరిపింది. "బావగారికి చెప్పండి, లోపలికొచ్చి పడుకోమని. చెప్పి చెప్పి నా నోరు పోయింది. గట్టు మీద ఒక్కడే ఉండుండి మనిషికి మాట పోయిందండి."

మేధ పీట మీద కూర్చుంది. సోమరాజు లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు. ఎంతో బతిమాలితే అరుగు అంచుకి చేరబడ్డాడు.

"బాబాయ్ గారూ, మీరు నిజంగా ఆ రాత్రి నిద్రపోయారా?"

నిజం తెలుసుకోవాలని ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సోమరాజు నేల చూస్తూ కాలి బొటనవేలితో మట్టి గీశాడు.

"పడుకోలేదనే అనుకున్నానండి ముందు. గంట గంటకీ లేచి బొత్తాం నొక్కేనండి. నొక్కినట్టే గుర్తండి. టార్చిలైటు వేసి నీళ్ళు కూడా చూసేను. చేప కొంచెం పైకొస్తన్నట్టు అనుమానం వచ్చిందండి."

"మరి ఏరేటర్లు వేసి నీళ్ళకి గాలి పట్టించలేదేం?"

"సైరను మోగితేనే వెయ్యమన్నారు కదండి అమ్మగారు. ఊరికే వేసి డీజిలు తగలెయ్యొద్దన్నారు. మోగుద్దేమోనని డబ్బా ముందే కూచున్నానండి."

"ఆ మాట ఆవిడతో అనలేకపోయారా!"

"ఆవిడంత బాధలో ఉంటే ఎదురెలా చెప్తామండి? అడుగుతారు కదా నెమ్మది మీద, అనుకున్నాను." పక్కనున్న చాప సర్దాడు. "అమ్మగారు ఆ గీత చూపించాక నాకూ అనుమానం పట్టుకుందండి. మిషనుకి నా మీద పగేముందండి? బొత్తాం నొక్కినట్టు కలొచ్చిందేమో. మా ఆవిడుంటే చెప్పేదండి. పక్కన మనిషుంటే తెలుస్తది, పడుకున్నామో లేదో. ఒక్కణ్ణే ఉంటే ఎలా తెలుస్తదండి?"

ఇలాంటి మాట మేధ ఎన్నిసార్లు అనుకుని ఎవరికీ చెప్పలేదో.

బేబీరాణి కత్తిపీట మీంచి చెయ్యి తీసి, "అయితే మీ మిషను అబద్ధం ఆడుద్దాండి?" అని సూటిగా అడిగింది.

"ఆడదండి. అంటే..." మేధ గులకరాళ్ళు కొన్ని ఏరి అరుగు మీద పెట్టింది. "ఇదిగో, ఇది గుడిసెలో డబ్బా. అది రోడ్డు పక్క మేత గోడౌన్లో డబ్బా, హెచ్చరిక వచ్చేది దాన్నుంచే. ఈ రెండూ ఒకదానికొకటి వినపడవు. నడిగట్టు మీద ఇంకోటుంది, అది ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరుస్తుంది. విడివిడిగా చెప్తే రెండుసార్లు అరవాలి, బ్యాటరీ అయిపోతుంది. అందుకని కలిపేస్తుంది. గుడిసె నుంచి ఏడు వచ్చిందనుకోండి, గోడౌన్ నుంచి ఐదు వచ్చిందనుకోండి. నడిమిది పన్నెండు అని ఒక్కసారే అరుస్తుంది. నేను ఏడు పంపాను కాబట్టి అవతలిది ఐదు అని గుడిసె డబ్బా తీసేసుకుంటుంది. నేను ఐదు పంపాను కాబట్టి అవతలిది ఏడు అని గోడౌన్ డబ్బా..."

"బాగుందండి, ఒకే కేకకి ఇద్దరికీ పని," అంది బేబీరాణి.

ఏడు అన్న రాయి మేధ వేళ్ళ మధ్యే ఉండిపోయింది. నిన్న గుడిసెలో బొత్తాం నొక్కగానే రెపరెపలాడి ఆరి మళ్ళీ వెలిగిన పచ్చ లైటు కళ్ళ ముందు కనపడింది. పంపడానికి కూడదీసుకున్న బలమంతా పంపడంతోనే అయిపోయి, ఆ డబ్బా చచ్చి మళ్ళీ పుడుతోంది. మళ్ళీ పుట్టినదానికి తాను ఏడు పంపిన సంగతి ఎలా గుర్తుంటుంది? పన్నెండు వచ్చి చెవిన పడుతుంది. పన్నెండులోంచి ఏం తీసెయ్యాలో తెలియదు. సైరన్ ఎలా మోగుతుంది?

"నేను వెళ్ళాలండి," అని లేచింది. టీ పెడతానంటున్నా వినిపించుకోలేదు. ఆటో కోసం దాదాపు పరిగెత్తింది.

*

ఆదివారం ల్యాబులో నరపురుగు లేదు. మేధ కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, సర్వర్లో చెత్త పేరుకునే చోటు తెరిచింది. తేదీ సరిగా లేని కబుర్లన్నీ సర్వరు విప్పకుండానే అక్కడికి తోసేస్తుంది. వాటిని చూసే దిక్కు ఇంతవరకూ లేదు. చూడనక్కర్లేదని కోడులో రాసిందీ తనే.

అవి ఉన్నాయి. 1970 జనవరి ఒకటి, 1970 జనవరి ఒకటి, 1970 జనవరి ఒకటి. సోమరాజు గుడిసె డబ్బా నుంచి వచ్చి, నడిగట్టు మీద గోడౌన్ హెచ్చరికలతో కలిసిపోయి, ఎవరూ విప్పని మూటల్లా పడి ఉన్నాయి. ఏ రాత్రివో వాటి మీద రాసి లేదు. దానికో మార్గం ఉంది. ఏ హెచ్చరికతో కలిపారో ఆ హెచ్చరిక తీసేస్తేనే మూట విడుతుంది, ఇంకోటి తీస్తే మిగిలేది పిచ్చిగీతలే. మేధ ముందు కిందటి వారం హెచ్చరికలు పెట్టి చూసింది. పిచ్చిగీతలు. ఆ ముందటివి పెట్టింది. అవీ అంతే. గురువారం రాత్రి హెచ్చరికలు ఒక్కొక్కటీ పెట్టింది.

మొదటిది విడింది. బొత్తాం. రెండోది విడింది. బొత్తాం. గంట గంటకీ పంపిన హెచ్చరిక పక్కన గంట గంటకీ నొక్కిన బొత్తాం. తెల్లవారుజామున చేపలు చచ్చిపోతున్న వేళ మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. మోగుతుందేమోనని డబ్బా ముందు కూర్చున్న మనిషి ఆత్రం కొద్దీ నొక్కుతూనే ఉన్నాడు.

మరి "అందినది" అని ఎందుకు పడింది? ఆ వాక్యం కోడులో వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు, తను రాసిన మాటలు తనకి తెలియవూ! ముసురు రోజుల్లో, సిగ్నలు సన్నగిల్లినప్పుడు, బ్యాటరీ మిగల్చడానికి పద్ధతి మార్చుకొమ్మని రాసింది. గోడౌన్‌కి నడిగట్టు డబ్బా కేక వినపడితే చాలు, గుడిసె జవాబు కోసం ఎదురుచూడొద్దు, అందినట్టే లెక్క వేసుకోమని. ఈ పొదుపుకే రామనాథం గారు భుజం తట్టింది.

సిగ్గేసింది. అయినా సంతోషం పొంగుకొచ్చింది. ఎవరికైనా చెప్పాలి, ఈ నిమిషమే చెప్పాలి. సోమరాజుకి ఫోను లేదు, బేబీరాణి ఫోను ఎత్తలేదు. అమ్మకి చేసింది.

"అమ్మా, ఆయన నిద్రపోలేదమ్మా!"

"ఎవరే? ఆ రాజమండ్రి సంబంధం వాళ్ళబ్బాయా?"

"కాదమ్మా. చెరువు కాపలా ఆయన."

"ఓహో. పోన్లే పాపం. భోంచేశావా?"

చేశానని అబద్ధం చెప్పి, రామనాథం గారికి చేసింది. ఆయన అంతా విన్నారు.

"మంచి పని చేశావమ్మా," అన్నారు చివరికి. "రివ్యూ అయ్యాక చెబుదాం. ఒక్క వారం. అతనికి వారంలో కొంప మునిగిపోదు కదా."

"మునిగిపోతోందండి. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తానండి."

"రేపు రివ్యూ మేధా."

"తెలుసండి."

"సరే, నీ ఇష్టం. నేను నీ వెనకాల నిలబడతానని మాత్రం అనుకోకు తల్లీ." ఆ మాట కూడా ఎంత మెత్తగా అన్నారంటే, అలవాటు కొద్దీ మేధ థాంక్సండీ అనబోయి ఆగిపోయింది.

*

శేషారత్నం గారు కాఫీ ఇచ్చారు. మేధ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. ఏడూ ఐదూ పన్నెండూ ఒక్కసారికే పట్టుకున్నారు. చెరువులు, లారీలు, మనుషులు, అన్నీ ఒంటిచేత్తో నడిపే మనిషి. బుర్ర చురుకు.

"అయితే తప్పు నీ డబ్బాదంటావు."

"నాదండి. డబ్బా నేను చెప్పినట్టే చేసింది."

"ఒప్పుకున్నావు, సంతోషం. చేపలు పోతే పోయాయిలే, మళ్ళీ వేసుకుంటాం." ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "ఆ సోమరాజు మేలుకునే ఉన్నాడన్నమాట."

"రాత్రంతానండి. రుజువు నా దగ్గరుంది. ఆయన్ని మళ్ళీ పిలిపించండి."

"మరి నిద్రపోయానని ఎందుకన్నాడు?"

మేధ సిద్ధపడని ప్రశ్న అది.

"మేలుకుని ఉండి, నిద్రపోయానని నా మొహం మీద చెప్పాడు. నిజంగా నిద్రపోయినవాణ్ణయినా ఓ నెలకి క్షమించి పెట్టుకునేదాన్నేమో తల్లీ. ఇంత ఆస్తి దగ్గర లేని మాట ఉన్నట్టు చెప్పేవాణ్ణి ఎలా నమ్మను? రేపు ఉన్నది లేదంటాడు."

"మీరు అడిగిన తీరుకి అలా అన్నారండి. మీతో ఎదురు చెప్పగలరా ఆయన? ఈ గట్ల మీద ఎవరన్నా చెప్పగలరా? మీ కోపం చల్లారాక పిలిచి అడుగుతారని ఈ మూడు రోజులూ చూశారు!" మేధ గొంతు తనకే కొత్తగా వినపడింది, కీచుగా.

శేషారత్నం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "నేనెక్కడ కోప్పడ్డానమ్మా? నువ్వూ అక్కడే ఉన్నావుగా. ఒక్క మాటన్నా గట్టిగా అన్నానా?"

అనలేదు.

"ఆ డబ్బాలు కూడా తీయించేసుకో. తొందరేం లేదు, వీలు చూసుకుని. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

మేధ లేచి వచ్చేసింది. కాఫీ తాగలేదు. ఎవరింట్లోనైనా ఇచ్చిన కాఫీ వదిలేసి రావడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గేటు దాటాక ఫోను తీసి బేబీరాణికి చేసింది.

*

"ఐసు షెడ్డులో చేరేడండి, ఆకివీడులో. వద్దన్నా వినలేదు," అని బేబీరాణి ఫోనులో చెప్పింది.

చేపల ప్యాకింగు షెడ్డు కనపడక ముందే వినపడింది. ఐసు దిమ్మలు నలిపే మిషను మోత ఆ వీధి వీధంతా అదరగొడుతోంది. లోపల చీలమండల దాకా నీళ్ళు. ట్రేలో ఒక వరస చేప, ఒక వరస ఐసు, మళ్ళీ చేప. ఆడవాళ్ళు పరుస్తుంటే మగవాళ్ళు లారీకెత్తుతున్నారు. సోమరాజు కొక్కెంతో ఐసు దిమ్మ లాక్కొస్తున్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి, నడుస్తుంటే కాలు తడబడుతోంది.

"సైరను బాబాయ్, ఇటో దిమ్మ!" ఎవరో కేకేశారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అప్పుడే ఇక్కడిదాకా పాకిపోయింది, పేరు కూడా పెట్టేశారు.

మేధ బురదలోంచి నీళ్ళలోంచి అతని దగ్గరికి వెళ్ళింది. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్నదంతా మోతలో కొట్టుకుపోయింది. "ఆవిడ తీసుకోనన్నారండి! నేను చెప్పి చూశాను!" అని అరిచింది.

"ఆయ్," అన్నాడు సోమరాజు తలూపి. ముందే తెలుసన్నట్టు. మళ్ళీ కొక్కెం అందుకున్నాడు.

"కానీ మీరు నిద్రపోలేదండి!"

అతనికి వినపడలేదు. చెవి దగ్గరికి వంగాడు.

"నిద్రపోలేదు! బొత్తాం నొక్కారు, రాత్రంతా నొక్కారు, నేను చూశాను! సైరను మోగలేదు, అది నా తప్పు!"

సోమరాజు చేతిలోంచి కొక్కెం జారి నీళ్ళలో పడింది. "ఏమన్నారండి?"

మళ్ళీ చెప్పింది.

"ఒక్కసారి కూడా పడుకోలేదాండి? మధ్యలో, కునుకన్నా..."

"లేదండి. గంట తప్పకుండా నొక్కారు."

అతను అటూ ఇటూ చూశాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా ఐసు మిషను స్విచ్చి ఆపేశాడు. చేరి ఒక రోజు కూడా కాని మనిషి! షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది. ఏంటయ్యా, ఎవడ్రా ఆపిందీ అని లారీ దగ్గర్నుంచి మేస్త్రీ కేకలు పెడుతున్నాడు.

"ఒక్క నిమిషమండి," అన్నాడు సోమరాజు అందరికీ వినపడేలా. తప్పయిపోయిందండి అనలేదు. "అమ్మా, వీళ్ళకి కూడా చెప్పండి."

అందరూ చూస్తున్నారు. పదిమంది ముందు నిలబడి మాట్లాడాలంటే మేధకి ఎప్పుడూ నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇదే వేళకి గూడెంలో తను లేకుండా రివ్యూ జరుగుతూ ఉంటుంది.

"ఈయన ఆ రాత్రి నిద్రపోలేదు," అంది. "తెల్లార్లూ మేలుకుని చెరువు కాశారు. మోగవలసిన సైరను మోగలేదు. ఆ డబ్బా తయారు చేసింది నేను. నా పొరపాటు వల్ల చేపలు పోయాయి, ఈయన పనీ పోయింది."

పై కప్పు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడింది. సైరను బాబాయ్ అన్న కుర్రాడు ట్రే సర్దుకోవడంలో మునిగిపోయాడు. వెనక వరసలో ఒక పెద్దావిడ చేతులు నడుముకి ఆనించి, "అయితే పాపం, ఊరికే ఆడిపోసుకున్నామేంటే మనం," అంది పక్కామెతో. మేస్త్రీ కూడా కేకలు మానేశాడు.

సోమరాజు బోర్లించిన ట్రే మీద కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, కూలబడ్డాడు. మేధ దగ్గరికి వెళ్ళి వంగింది.

"ఆ రోజు కాణ్ణించీ కన్ను మూయలేదండి," అన్నాడు ఆమెకొక్కదానికే వినపడేలా. "భయమేసిందండి. నాకు తెలీకుండా ఓ రాత్రంతా పడుకున్నవాణ్ణి, తెలీకుండా ఇంకేం చేస్తానో అని. కూచునే తెల్లారగట్టేసేవాణ్ణండి."

"ఇప్పుడు పడుకోండి."

"ఇప్పుడాండి? పని..."

"పడుకోనీరా," అంది ఆ పెద్దావిడ ఎవరితోనో. "ఆ దిమ్మలు నువ్వు లాగు."

మిషను మళ్ళీ మొదలైంది. గోడలు అదిరాయి. ఆ మోతలో, నీళ్ళలో, పట్టపగలు, సోమరాజు గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. తల మెల్లగా పక్కకి వాలింది. మేధ ఇంకో ట్రే బోర్లించి పక్కన కూర్చుంది. ఫోను మోగింది. రామనాథం గారు. మోగి మోగి అదే ఆగిపోయింది. మేధ సాయంత్రం బస్సుకి వెళ్ళాలి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. అక్కణ్ణుంచి లేవబుద్ధి కాలేదు.

ట్రే ఎత్తుకుని పోతున్న పెద్దావిడ ఒక్క క్షణం ఆగి సోమరాజు మొహంలోకి చూసింది. "పడుకున్నాడా అమ్మా?"

మేధ కూడా వంగి చూసింది. గుండె నిదానంగా లేచి పడుతోంది. నోరు కొంచెం తెరుచుకుంది.

"పడుకున్నారండి," అంది. "నేను చూస్తున్నాను."